దొంగసీసా

నీళ్ళు తాగే ముందు డేగక్క గ్లాసును కిటికీ వెలుగుకేసి ఎత్తి ఒకసారి తిప్పి చూస్తుంది. ఇంట్లో ఉన్నవన్నీ స్టీలు గ్లాసులే అయినా సరే.

"అందులోంచి ఏం కనిపిస్తుందే నీకు?" అని మొగుడు నవ్వుతాడు.

ఆమె పని సీసాల ఫ్యాక్టరీలో. పిల్లల మందు పోసే సీసాలు బెల్టు మీద సాగిపోతుంటే, తెల్లటి లైటు ముందు కూర్చుని పగులో బుడగో కనిపించినదాన్ని తీసి తొట్టిలో పడెయ్యాలి. ఆ కళ్ళను చూసే తోటివాళ్ళు డేగక్క అని పేరు పెట్టారు.

చూసేవాళ్ళు కునుకుతున్నారేమో తెలుసుకోవడానికి సూపర్‌వైజరు రోజూ మెడ పగిలిన సీసా ఒకదాన్ని గుట్టుగా బెల్టు మీద పెడతాడు. అదే దొంగసీసా. ఆ నెలలో డేగక్క దాన్ని రెండుసార్లు వదిలేసింది. ఇంకోసారి వదిలితే ప్యాకింగ్‌కి మారుస్తానన్నాడు. అక్కడంతా పెట్టెలు మొయ్యడమే. నడుం పట్టేసి ఆమె ఒకసారి మంచాన పడింది కూడా.

మర్నాడు ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయింది. కాలు ఊగుతూనే ఉంది. స్టవ్ కట్టేశానా? పిల్లకి జ్వరం తగ్గిందో లేదో. మెడ చూడు, మెడ. సీసాల మెడలు తప్ప మరేవీ కంటికి ఆనడం లేదు. మధ్యాహ్నం దొంగ దొరికింది. చటుక్కున లాగేసింది.

ఊపిరి పీల్చుకునేలోపే ప్యాకింగ్‌లో పనిచేసే తోడికోడలు వచ్చింది. ఆమె చేతిలోని సీసా అడుగున, లోపలివైపు, గాజు ముల్లొకటి నిటారుగా నిలబడి ఉంది.

"అక్కా, ఇది నీ ముందునుంచే వచ్చింది."

"నేను చూళ్ళేదే."

"కళ్ళు దానిమీదే ఉన్నాయి. నీ బుర్ర మాత్రం మెడ దగ్గరే తిష్ట వేసింది." తోడికోడలు గొంతు తగ్గించింది. "తొట్టిలో పడెయ్. నేనేం చెప్పను."

డేగక్క తొట్టి దాకా వెళ్ళింది. చెయ్యి చాచింది కూడా. వెనక్కి తిరిగి సూపర్‌వైజరు దగ్గరికి నడిచింది.

"దొంగను పట్టాను సార్. దానికోసం చూస్తూ దీన్ని వదిలేశాను. ఇంకెన్ని వదిలానో నాకే తెలీదు. పొద్దుట్నుంచి కట్టిన పెట్టెలన్నీ విప్పాలి."

"విప్పితే నీ సీటు పోతుంది."

"పిల్లలు తాగేది సార్."

విప్పారు. అలాంటిదే ఇంకొకటి దొరికింది.

ఇప్పుడు దొంగసీసాకు రోజుకో రకం లోపం ఉంటుంది. లైటు ముందు తోడికోడలు కూర్చుంటోంది. డేగక్క నడుముకు పట్టీ బిగించుకుని ప్యాకింగ్‌లో పెట్టెలు ఎత్తుతోంది.