నోరిస్ చెప్పిన తప్పులు

ఈ పిల్ల ఇక బయట ఎవరితోనూ మాట్లాడదేమో. ఇరవై ఏళ్లు వచ్చాక కూడా దుకాణంలో రొట్టె అడగలేక, నా కోటు చివర పట్టుకుని నా వెనకే నిలబడుతుందేమో. నేను లేనినాడు దీని గతేమిటి?

పోయిన చలికాలమంతా నా బుర్రలో ఇదే తిరిగేది. మా అమ్మాయి నెల్‌కి అప్పుడు ఐదేళ్లు. ఎకిల్స్‌లో మా గడప లోపల ఉన్నంతసేపు వసపిట్ట. గడప దాటిందా, నోటికి తాళం. సెప్టెంబరులో బడిలో చేరింది. ఫిబ్రవరి వచ్చినా టీచరు మిస్ ప్రెస్కాట్ దాని గొంతు ఒక్కసారీ వినలేదు. టాయిలెట్‌కి వెళ్లాలని చెప్పలేక రెండుసార్లు బట్టలు తడుపుకుంది. వేసవి లోపల మార్పు లేకపోతే వేరే ఏర్పాటు ఆలోచించాలని మిస్ ప్రెస్కాట్ మెల్లగా చెప్పింది. ఆ మెల్లదనమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

నేను చదివింది రసాయన శాస్త్రం. చేసేది సాల్‌ఫర్డ్‌లో ఒక టీవీ క్విజ్ కార్యక్రమానికి ప్రశ్నలు సరిచూసే ఉద్యోగం. ప్రతి జవాబుకీ రెండు ఆధారాలు చూపించందే ప్రశ్న కార్డు స్టూడియోలోకి వెళ్లదు. అదే పద్ధతి ఇంటికీ తెచ్చుకున్నాను. నెల్ ఏ రోజు ఎక్కడ ఎవరితో ఎన్ని మాటలు మాట్లాడిందో గళ్ల కాగితం మీద గీత గీసేదాన్ని. ఇంటి గీత కాగితం పైఅంచు దాటిపోయేది. బడి గీత అడుగునే పాకేది.

ఆ స్టూడియోలోనే పనిచేసేవాడు నోరిస్ ఎంట్విసిల్. రికార్డింగుకు ముందూ మధ్యలోనూ ప్రేక్షకులు చల్లబడిపోకుండా నవ్విస్తూ ఉండడం ఆయన పని. అప్పటికి డెబ్బై రెండేళ్లు. ఎప్పుడూ అదే గోధుమ రంగు కార్డురాయ్ కోటు. ఒక జేబులో పిప్పరమింట్లు, ఇంకో జేబులో గుడ్డు శాండ్‌విచ్, చేతిలో టీ ఫ్లాస్కు. కెమెరాలు సిద్ధమవగానే ఫ్లోర్ మేనేజర్ గ్లెనిస్ ఒక వేలు పైకెత్తుతుంది. ఆయన ఏ కథ మధ్యలో ఉన్నా అక్కడే ఆపి, తెర వెనక్కి వెళ్లిపోవాలి. "ముప్పై ఒక్క ఏళ్లయింది తల్లీ, ఒక్క కథా చివరిదాకా చెప్పలేదు. చివరలు నేనే మర్చిపోయా," అనేవాడు.

ఆయనది హేవుడ్. తల్లి నూలు మిల్లులో పనిచేసింది. మగ్గాల మోతలో చెవులు పనిచేయవు గనుక అక్కడి ఆడవాళ్లు గొంతు లేకుండా, పెదాలు పెద్దగా కదుపుతూ మాట్లాడుకునేవారు. ఇంటికొచ్చాక కూడా పక్కింటావిడతో గోడ మీదుగా అలాగే కబుర్లు. నోరిస్ చిన్నప్పుడు ఆ పెదాలు చదివే నవ్వడం నేర్చుకున్నాడట. పెద్దయ్యాక పగలు బిస్కెట్ల ఫ్యాక్టరీ, సాయంత్రాలు కార్మికుల క్లబ్బుల్లో హాస్యం. బింగో ఆటకీ మాంసం కూరిన రొట్టెల పంపకానికీ మధ్య దొరికే పావుగంటలో నవ్వించాలి. నవ్వకపోతే వాళ్లు ముఖం మీదే చెప్పేవారు.

ఒక్కసారి టీవీలో ఆరు నిమిషాలు దొరికింది. భార్య మారీన్ వీధి వీధినంతా పిలిచి, హ్యామ్ శాండ్‌విచ్‌లు చేసి, ఎదురింటి నుంచి కుర్చీలు తెచ్చి వేసింది. కార్యక్రమం మొదలైంది, అయిపోయింది. సమయం చాలక ఆయన ఆరు నిమిషాలూ కోసేశారు. ఆ సంగతి ఆయనకు ముందుగా ఎవరూ చెప్పలేదు. "అందరూ శాండ్‌విచ్‌లు మెచ్చుకుని వెళ్లిపోయారు. అంత మెచ్చుకోవలసినవేం కావవి," అన్నాడొకసారి, నవ్వుతూనే.

ఆ తర్వాత తెర వెనక పనిలోనే స్థిరపడ్డాడు. ఎన్ని హాస్య నాటికలు, ఎన్ని పాటల పోటీలు, ఎన్ని క్విజ్‌లు చేశాడో లెక్కలేదు. ఒక్కదానిలోనూ ఆయన కనిపించడు. కానీ వాటిలో వినిపించే నవ్వుల్లో ఆయన రప్పించినవి ఎన్నో. ఇంట్లో టీవీ చూస్తూ మారీన్ వేలు చూపించేదట: "అదిగో, ఆ నవ్వు నీదే." ఆవిడ పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు టీవీ ముందు కూర్చుంటే ఏ నవ్వు ఎవరిదో తనకి తెలియడం లేదన్నాడు.

నేను చేరిన మొదటి వారంలో ఒక పొరపాటు చేశాను. ఆ రోజు అక్రింగ్‌టన్ నుంచి ఒక బస్సు నిండా జనం వచ్చారు. నోరిస్ వాళ్లవైపు తిరిగి, "బర్న్‌లీ వాళ్లందరికీ స్వాగతం," అన్నాడు. పక్క ఊరి పేరు. రెండు వరుసలు ఒక్కసారిగా గోలపెట్టాయి. పాపం, ముసలాయన తడబడ్డాడనుకున్నాను. ఒక చీటీ మీద 'అక్రింగ్‌టన్, బర్న్‌లీ కాదు' అని రాసి, వంగి వంగి వెళ్లి ఆయన చేతిలో పెట్టాను. ఆయన చదివి, మడిచి, పై జేబులో పెట్టుకున్నాడు. "ఈ అమ్మాయి నా ఉద్యోగం కాపాడింది," అని జనానికి చెప్పాడు. మళ్లీ గోల. అంతసేపూ చేతులు కట్టుకుని కూర్చున్న ఒక లావుపాటి ఆయన కూడా లేచి, "బర్న్‌లీ అంటే ఊరుకునేది లేదు," అన్నాడు. నాకు అప్పటికీ అర్థం కాలేదు.

ఫిబ్రవరి సెలవుల్లో నెల్‌ని చూసుకునే ఆవిడకి జ్వరం. మా ఆయన గారెత్‌కి ఆసుపత్రిలో డ్యూటీ. మంగళవారం రిహార్సల్‌కి నెల్‌ని నాతో తెచ్చాను. "తీగలు తొక్కనివ్వకు, అంతే," అంది గ్లెనిస్. ఖాళీ కుర్చీల్లో మూడో వరుసలో కూర్చోబెట్టాను. ఒళ్లో దానికిష్టమైన ట్రామ్ మ్యాపు.

ఒకరి తర్వాత ఒకరు వచ్చి పలకరించారు. పేరేంటి? ఎన్నేళ్లు? ఏ క్లాసు? పిల్లి తినేసిందా నాలుకని? మంచివాళ్లే అందరూ. ఒక్కో ప్రశ్నకీ నెల్ ఒక్కో అంగుళం కుర్చీలోకి కుంగింది. "కాస్త సిగ్గు," అని నేనే అందరికీ జవాబు చెప్పాను.

అప్పుడు నోరిస్ వచ్చి రెండు కుర్చీల అవతల కూర్చున్నాడు. దానివైపు చూడనుకూడా లేదు. ఫ్లాస్కు మూత తీసి టీ పోసుకుని, "ఈ ట్రామ్ ఉంది చూశావూ, నడుం విరగ్గొట్టింది," అన్నాడు నాతో. "ఎకిల్స్‌లో ఎక్కానా. తర్వాత వీస్ట్. దాని తర్వాత లేడీవెల్..."

"లేడీవెల్ ముందండీ. తర్వాతే వీస్ట్," అన్నాను.

ఆయన కప్పు దించి నావైపు చూశాడు. "నిన్నెవరడిగారమ్మాయ్?"

పక్కకి తిరిగాను. నెల్ నోరు కొంచెం తెరిచి ఉంది. నేను చూడగానే మూసేసుకుంది.

రిహార్సల్ అయ్యాక, టీ కెటిల్ దగ్గర నోరిస్ జేబులోంచి ఒక చీటీ తీశాడు. మడతల దగ్గర నలిగిపోయింది. నా చేతిరాతే.

"మూడేళ్లయింది. ఇవాళ నువ్వు మళ్లీ, నోటితోనే, చీటీ అందించావు," అన్నాడు.

"మీరు కావాలనే తప్పు చెప్పారా, ఆ రోజు?"

"నలభై ఏళ్లుగా కావాలనే చెబుతున్నా. మీ ఊరేదని అడిగితే మనవాళ్లు బూట్లు చూసుకుంటారు. పక్క ఊరి పేరు చెప్పి చూడు, లేచి నిలబడతారు. అడిగితే పరీక్ష. తప్పు చెబితే, పాపం వీడికి సాయం చేద్దామనిపిస్తుంది."

"మీరు ఎకిల్స్ నుంచి రారు కదా."

"హేవుడ్ నుంచి కారులో వస్తా. ట్రామ్ ఎక్కి ఏళ్లయింది. పిల్ల ఒళ్లో మ్యాపు చూశా." శాండ్‌విచ్ విప్పాడు. "రోజూ బడి నుంచి రాగానే ఏమడుగుతావు దాన్ని?"

"ఎవరితోనైనా మాట్లాడావా అని."

"రోజూనా?"

"రోజూ. రాసుకుంటాను కూడా."

"దేవుడా. ఇంట్లోనూ కార్డులు పట్టుకునే తిరుగుతున్నావన్నమాట. ఇక్కడ ఓడిపోయినవాళ్లకి కనీసం గుర్తుగా ఒక టీ కప్పన్నా ఇచ్చి పంపుతాం." తర్వాత గొంతు తగ్గించాడు. "మా అమ్మ పగలంతా ఒక్క చప్పుడు లేకుండా మాట్లాడేది తల్లీ. చప్పుడు లేనంత మాత్రాన లోపల ఏమీ లేదనుకోకు. గురువారం దాన్ని మళ్లీ తీసుకురా. నువ్వు మాత్రం నోరు విప్పకు."

ఆ రెండు రోజులూ నాకు భయం దాని గురించి కాదు, నా గురించి. తప్పు వింటే ఊరుకోలేకపోవడం నాకు జీతమిచ్చే గుణం.

గురువారం నోరిస్ అదే కుర్చీలో కూర్చున్నాడు. అదే ఫ్లాస్కు. "ఇవాళ వేళ్ల మీద లెక్కపెట్టా," అన్నాడు నాతో. "ఎకిల్స్, లేడీవెల్, వీస్ట్, బ్రాడ్‌వే, మీడియా సిటీ. ఐదే ఐదు. దీనికింతసేపేమిటో."

ఒక స్టాపు తప్పింది. నాలుక కొసకి వచ్చేసింది. పళ్ల మధ్య బిగబట్టి, మనసులో మూలకాలు వల్లించుకోవడం మొదలుపెట్టాను. హైడ్రోజన్, హీలియం, లిథియం. ఆయన ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు. ఆక్సిజన్, ఫ్లోరిన్. మూత బిగించి మళ్లీ విప్పాడు. ఎక్కడా తొందర లేదు. అల్యూమినియం, సిలికాన్. ఇక లాభం లేదనుకున్నాను. ఆర్గాన్ దగ్గరికి వచ్చాను.

"లాంగ్‌వర్తీ."

చాలా చిన్న గొంతు. బయటి మనిషి ముందు మొదటి మాట. నేను దానివైపు తిరగబోయాను. నోరిస్ మోకాలి మీద నుంచి ఒక్క వేలు పైకి లేచింది, అచ్చం గ్లెనిస్ లాగే. ఆగిపోయాను.

"లాంగ్‌వర్తీనా," అన్నాడు ఆయన, టీ కప్పుకే చెబుతున్నట్టు. "అదెప్పుడో తీసేశారుగా."

"లేదు. ఉంది. ఇవాళ అక్కడ ఒక కుక్క ఎక్కింది."

"కుక్క. పాపం, టికెట్ కొనుక్కోవడానికి ఎంతసేపు పట్టిందో."

"కుక్కలు కొనక్కర్లేదు," అంది నెల్. ఈ ముసలాయనకి ఏమీ తెలియదన్న జాలి ఉంది గొంతులో.

నేను తీగల చుట్టలు దాటుకుంటూ వెళ్లి కెమెరా వెనక నిలబడి ఏడ్చాను. గ్లెనిస్ వచ్చి ఒక టిష్యూ ఇచ్చి, "ఏ కార్డులోనైనా తప్పు పడిందా?" అంది.

బడి తెరిచాక మిస్ ప్రెస్కాట్‌కి ఈ సంగతి చెప్పాను. "నన్ను తప్పులు నేర్పమంటారా?" అంది. నేర్పవద్దు, చెప్పి ఊరుకోండి చాలన్నాను. ఆమె నమ్మినట్టు లేదు. నెల్‌ని ఎవరూ నేరుగా ప్రశ్నలు అడగకుండా మాత్రం చూసింది. ఏప్రిల్ గడిచింది. మే నెలలో ఒక గురువారం పొద్దున, బోర్డు మీద 'బుధవారం' అని రాసి చేతుల సుద్ద దులుపుకుంటూ నిలబడిందట. కిటికీ పక్క నుంచి, "గురువారం," అని వినిపించిందట. ఆమే నాకు ఫోన్ చేసి చెప్పింది. వేరే ఏర్పాటు సంగతి మళ్లీ ఎత్తలేదు.

అంతా కుదుటపడిందని చెప్పను. డాక్టరు ముందు నెల్ ఇప్పటికీ రాయిలా కూర్చుంటుంది. భోజనాల హాల్లో పెదవి విప్పదు. కానీ జార్జీనా అనే పిల్లతో గుసగుసలాడుతుంది. గళ్ల కాగితాల మీద ఇప్పుడు తనే ట్రామ్‌లు గీస్తుంది.

నోరిస్ చివరి రికార్డింగు ఏప్రిల్‌లో. మోకాళ్లు ఇక మెట్లెక్కనివ్వడం లేదన్నాడు. ఆ రోజు కూడా గ్లెనిస్ వేలు ఎత్తింది. ఆయన కథ మధ్యలోనే ఆపి తెర వెనక్కి వెళ్లిపోయాడు. జనం చప్పట్లు కొట్టారు గాని, ఇక తిరిగి రాడని వాళ్లకి తెలియదు. ఆ భాగం జూన్‌లో ఒక శనివారం ప్రసారమైంది. సోఫా మీద నా పక్కన కూర్చున్న నెల్, జనం నవ్వగానే తెరవైపు వేలు చూపించి, "అది నోరిస్‌ది," అంది. వెంటనే ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. "సరిగ్గానే చెప్పింది," అన్నాడు.

ఆ ఏప్రిల్ రోజునే, కారు దగ్గర ఆయన్ని అడిగాను, "మీరు లేకపోతే ఎలాగండీ? నాకు మళ్లీ భయం మొదలవుతుంది. మళ్లీ ప్రశ్నలు అడుగుతాను."

ఈ పొద్దున నెల్ ఎడమ కాలి బూటు నా చేతిలోకి తీసుకుని, ఇది కుడి కాలిది కదా అనుకుంటూ గట్టిగానే గొణుక్కున్నాను. గుమ్మంలో పోస్ట్‌మన్ నిలబడి ఉన్నాడు. నేను తలెత్తలేదు. లేసు ముడి విప్పుతూ మూలకాలు వల్లించుకున్నాను.

నోరిస్ ఆ రోజు ఫ్లాస్కు పక్క సీట్లో పెట్టి, తలుపు వేసుకుని, అద్దం కిందికి దించి అన్న మాట ఇది: "అడగాలనిపించినప్పుడల్లా ఒక తప్పు చెప్పు, అమ్మాయ్. చెప్పాక పిల్ల ముఖంలోకి చూడకు. చేతికి ఏదో ఒక పని పెట్టుకుని, పిల్లకి ఎంతసేపు కావాలో అంతసేపు ఊరుకో."