పంది గుండెకు తొంభై నిమిషాల బెదురు

థోర్‌కిల్ తొలి ఘనకార్యం, పంది గుండె మీది రక్తనాళమొకటి ఆయన చేతిలో సడలడం. పద్దెనిమిది గుండెలు పాడయ్యాక పందొమ్మిదోది కరుణించింది. ఆనాటి నుంచి ఆయనకొక పిచ్చి: కబేళా నుంచి వచ్చిన గుండె బెదిరి ఉంటుంది, తొంభై నిమిషాలు ఎవరూ ముట్టుకోకూడదు.

ఊరి బడిలో ఏడు తరగతులు, కబేళాలో నాలుగేళ్లు, డెన్మార్క్‌లోని ఆర్హూస్‌ ప్రయోగశాలలో సహాయకుడిగా ముప్పైఏడేళ్లు. ఇరవై తొమ్మిది డాక్టరేట్లు తన చేతిమీదుగానే వెళ్లాయని ప్రొఫెసర్ల ముఖానే అంటాడు. వాళ్లూ కాదనరు.

గుండెను చల్లని ఉప్పునీళ్లలో పెట్టి అందర్నీ బయటికి తోలేస్తాడు. తనిఖీకొచ్చిన డీన్‌నూ తోలాడు. ఆయన బూట్ల చప్పుడుకి నాళం బిగుసుకుంటుందట. బయట కాఫీ, రై ధాన్యపు రొట్టె, ఉపన్యాసం. గుండె పరుగెత్తితే నాళం తనంతట తనే వెడల్పై రక్తం పంపుతుందనీ, తమరు మాత్రం కిటికీ తెరవడానికీ మీటింగు పెడతారనీ దెప్పేవాడు.

ఆ వసంతంలో మారెన్ అనే పరిశోధకురాలు ఈ తంతు భరించలేక, ఆయన రాకముందే వచ్చి గుండెలు కోసేది. నాళాన్ని ఉంగరాల్లా తరిగి, సన్నని తీగలకు తగిలించి, మందు చుక్క వేస్తే అది సడలాలి. మూడు వారాలుగా ఒక్కటీ సడలలేదు. సోమవారం థీసిస్ ఇవ్వాలి. మిగిలింది ఒక్క గుండె.

ఆ ఉదయం థోర్‌కిల్ ఆమె కంటే ముందొచ్చి కూర్చున్నాడు. కత్తెర లాక్కుని, రొట్టె ముక్కలు మూడు దగ్గరుండి తినిపించాడు. తొంభై నిమిషాలు తిట్టుకుంటూనే నమిలింది. తర్వాత కోసింది, తగిలించింది, చుక్క వేసింది. తెర మీద బిగువు చూపే గీత మెల్లగా కిందికి జారింది. నాళం సడలింది.

మారెన్ కుర్చీలో కూలబడింది. "నువ్వన్నది నిజమే. దానికి బెదురు తీరాలి."

"దానికి బెదురేంటి, చచ్చిన పందికి? ఆ తొంభై నిమిషాలు నీకు. ఖాళీ కడుపుతో వణికే చేత్తో తీగ దూరిస్తే నాళం లోపలి పొర గీరుకుపోతుంది. కండను సడలమని చెప్పేది ఆ పొరే."

"ముప్పైఏడేళ్లూ ఆ మాట ఎవరికీ చెప్పలేదా?"

"చెబితే తింటారా మీరు?"

ముప్పయ్యో డాక్టరేటు అలా వెళ్లింది. వేసవి రాగానే థోర్‌కిల్ పడవ వేసుకుని సెలవుల మీద పోయాడు. ఈ తొంభై నిమిషాలు ఏ పుస్తకంలో ఉన్నాయని కొత్తగా చేరినవాళ్లు నిలదీశారు. డాక్టర్ మారెన్ రొట్టె కోస్తూ, తలెత్తకుండానే, ఆయన్నే అడగమంది. ఆగస్టు పదకొండున వస్తాడు.