ఒక్క చెవే పలికేది

మీ అమ్మకి పదిహేనేళ్లప్పుడు, తొంభైల్లో, వాళ్ల మేనమామ, అంటే మా తమ్ముడు, అరచేతిలో ఇమిడే రేడియో ఒకటి తెచ్చిచ్చాడు. ఇంట్లో పెడితే మీ తాతయ్య విసుక్కునేవాడు. అందుకని స్నేహితురాలి హెడ్‌ఫోన్ అడిగి తెచ్చుకుని, మేకల్ని తోలుకుపోయినప్పుడు పాటలు వినేది.

మా కొండల్లో ఇంటికో కేక ఉంటుంది. పొద్దు వాలగానే నేను చోడి చేను, అదే రాగి చేను, గట్టు మీద నిలబడి మా ఇంటి కేక వేసేదాన్ని. అవతలి కొండవాలు నుంచి మీ అమ్మ బదులు కేక వేసేది. వస్తున్నానని అర్థం. మూడు కేకలకీ బదులు రాలేదంటే ఏదో జరిగిందని చుట్టుపక్కల వాళ్లు చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొస్తారు.

ఒకరోజు బదులు రాలేదు. నలుగురం కర్రలు పట్టుకుని కొండెక్కాం. మీ అమ్మ బండ మీద కూర్చుని, రెండు చెవులకీ హెడ్‌ఫోన్ తగిలించుకుని, తనలో తను నవ్వుకుంటోంది.

"ఏటే గుంటా, ఇనబడనేదా?"

"నేదమ్మా. దీన్ని తిరిగిచ్చీమని నా నేస్తం అడుగుతంది. నాకోటి కొనవా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ నవ్వు నాకు తెలియని చోట నుంచి వచ్చింది. అది గుచ్చుకుంది.

కాఫీ పళ్లు కోసిన కూలి చేతికి రాగానే ముంచింగిపుట్టు సంతకి ఒక్కదాన్నే వెళ్లాను. టార్చిలైట్లు, బ్యాటరీలు అమ్మే షావుకారుకి మా గుంటకని చెబితే, తక్కువ ధర హెడ్‌ఫోన్లు రెండు రకాలు చూపించాడు. మెత్తటిది ఒకటి నా తలకి తగిలించి పాట పెట్టాడు. పాట బాగుంది. కానీ ఎదురుగా ఉప్పు అమ్మేవాడి నోరు కదులుతోంది, మాట లేదు. సంత మొత్తం ఎటో పోయింది. గబుక్కున తీసేశాను.

పక్కన విడిగా పడేసినది ఇంకోటి కనిపించింది.

"అది వద్దప్పా. ఒక్క సెవే పలుకుతాది" అన్నాడు షావుకారు.

పెట్టుకుని చూశాను. ఒక చెవిలో పాట, ఇంకో చెవిలో సంత.

"ఇదే ఇయ్యి."

"సెడిపోయింది కొనుక్కుంటావేటి? ఆ గుంట నన్ను తిడతాది."

"తిట్టదులే. బేగి కట్టియ్యి, బస్సెళిపోతాది."

చవకగా వచ్చిందని మీ అమ్మతో చెప్పాను. అది తలకి తగిలించుకుని మేకల్ని తోలుకుపోయింది. ఆ రోజు నుంచి మొదటి కేకకే బదులు వచ్చేది.

మూడేళ్లకి మీ అమ్మ నర్సు చదువుకని విశాఖ బయలుదేరినప్పుడు రెండు చెవులూ పలికేది కొనిచ్చాను. పాతదాన్ని గోడ మేకుకి తగిలిస్తూ నవ్వింది.

"ఆ తరవాతి సంతలోనే, నువ్వు కావాలనే అది కొన్నావని షావుకారు నాకు సెప్పీసాడమ్మా. మార్సుకోమన్నాడు కూడా."

"మరెందుకు మార్సుకోనేదే?"

"ఆ రెండో సెవి నీది కదా, అందుకని."

బస్సు మలుపు తిరిగేదాకా నేను చెయ్యి ఊపలేకపోయాను.

మొన్న వచ్చిన ఫోటోలో మీ పిల్లలిద్దరి తలల మీదా పెద్ద పెద్ద హెడ్‌ఫోన్లు ఉన్నాయి. బయటి చప్పుడు చీమంతైనా వినబడదట కదా. వినండి నాన్నా, పాటలు వినాల్సిన వయసే.

పొద్దు వాలితే ఇప్పటికీ గట్టు మీదికి వెళ్తాను. గొంతులోకి కేక వస్తుంది. వెయ్యను. మూడుసార్లు వేసినా బదులు రాకపోతే, పాపం, ఊళ్లోవాళ్లు కర్రలు పట్టుకుని వచ్చేస్తారు.