దించని థర్మామీటర్లు

పదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకూ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

డెబ్బైల చివర విశాఖలో సముద్రం మీద పరిశోధన చేసేవాణ్ణి. మాది గోదావరి వైపు. ఊరుకాని ఊళ్లో నన్ను బావా అని పిలిచింది సూరిబాబు ఒక్కడే. నాతోపాటే పరిశోధన చేసేవాడు. తగరపువలస దగ్గర రైతుల బిడ్డ. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు.

ఒకసారి ఓడలో బంగాళాఖాతంలోకి వెళ్లాం. చోటుచోటా ఓడ ఆపి, తీగకు కట్టిన థర్మామీటర్లు దించి, ఏ లోతున నీరు ఎంత వేడిగా ఉందో రాయాలి. వంతులవారీ పని. సూరిబాబు వంతులో ఒకచోట లోపలి నీరు ఉండాల్సినదానికన్నా బాగా చల్లగా తేలింది. మళ్లీ దించి చూశాడు. అంతే వచ్చింది. పైనీరూ కాస్త చల్లబడిందనీ, గాలి మందగించి మబ్బు పలచబడిందనీ పక్కన రాసుకున్నాడు.

తర్వాతి చోటు నాది. మిట్టమధ్యాహ్నం. ఓడ ఊగుడుకు నిలబడలేకపోయాను. తీగ దించే మనిషిని భోజనానికి పంపేసి, పాత పట్టికలోని అంకెలే అటూఇటూ మార్చి రాసేశాను. ఒక్కచోటే కదా అనుకున్నాను. నిజంగా అప్పుడు అలా అనుకున్నానా, లేక ఇప్పుడు కల్పించుకుంటున్నానా?

రేవుకొచ్చాక మా గైడు అంకెలు చూశారు. అటూ ఇటూ మామూలు నీరే ఉంటే నడుమ ఒక్కచోట అంత చల్లగా ఎలా ఉంటుందన్నారు. సూరిబాబు అజాగ్రత్త అని తేల్చి, అతని అంకెల మీద ఎర్ర గీత కొట్టారు. ఆ సాయంత్రం సూరిబాబు నన్ను ఫిషింగ్ హార్బరు గట్టుకు తీసుకెళ్లాడు.

"బావా, నువ్వు దించినప్పుడు నీరు సల్లగా నేదా?"

"లేదు. మామూలుగానే ఉంది."

"సూసినావు గదా?"

"చూశాను."

పడవల వైపు తిరిగాడు. "అయితే నానే తప్పు సదివేసుంటాను," అన్నాడు.

తన కళ్లకన్నా నా మాటే నమ్మాడు. ఆ తర్వాత గైడు అతన్ని ఓడెక్కనివ్వలేదు. కొన్ని నెలలకు పరిశోధన మానేసి, స్టీల్‌ప్లాంటు పనుల్లో గుమాస్తాగా చేరాడు. నాకు డాక్టరేటు వచ్చింది.

కొన్నేళ్ల తర్వాత సముద్రపు సుడుల గురించి చదివాను. ఒక జిల్లా అంత వెడల్పున మెల్లగా తిరుగుతాయవి. కొన్ని సుడులు అడుగునున్న చల్లని, ఉప్పు ఎక్కువైన నీటిని పైకి తెస్తాయి. పైనీరు చల్లబడితే దాని మీది గాలి నెమ్మదిస్తుంది, మబ్బు తగ్గుతుంది. సూరిబాబు పక్కన రాసుకున్నది అదే. నేను థర్మామీటర్లు దించి ఉంటే బహుశా నాకూ చల్లని నీరే తగిలేది. ఈ "బహుశా" కూడా నా సాకేనేమో.

పోయిన నెల సిటీబస్సులో కనిపించాడు. ఇంకా సముద్రం మీదకు వెళ్తున్నానా అని అడిగాడు. వెళ్తున్నానన్నాను. మిగతాది చెప్పలేదు. గాజువాకలో దిగిపోయాడు. ఆ బస్సు నిండా మనుషులున్నా నేనొక్కణ్ణే అయిపోయాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. సూరిబాబు తప్పు చదవలేదు. నేను అసలు చదవనేలేదు. ఇన్నేళ్లకు ఈ మాట రాయగలిగాను. ఊపిరి కాస్త ఆడుతోంది.