పై అంతస్తు, ముందు గది

మొన్న నేను స్టాఫ్‌రూమ్‌లో అడుగుపెట్టగానే నలుగురు టీచర్లు ఒక్కసారే ఫోన్లు బల్లమీద బోర్లా పెట్టేశారు. అప్పుడే అర్థమైపోయిందండీ, ఆ ఫోటో మా స్కూలుకి కూడా చేరిందని. ఇంక దాచి లాభం లేదు. ఊళ్ళోవాళ్ళు ఒకటికి నాలుగు కలిపి చెప్పేలోపు నేనే చెప్పేస్తాను. టీ తాగుతూ వినండి, నవ్వొస్తే మాత్రం కప్పు కింద పెట్టి నవ్వండి.

అసలు కోరిక మా అత్తగారిది. ఆవిడది చింతలపూడి, మెట్ట ప్రాంతం. నీళ్ళంటే బోరులోంచి పామాయిల్ తోటకి పారే నీళ్ళే ఆవిడకి తెలుసు. డెబ్బై దాటి మా దగ్గరికొచ్చేశాక టీవీలో ఎక్కడో మేడల్లాంటి అంతస్తులున్న ఓడని చూశారు. "ఒక్కసారి అలాంటి ఓడెక్కి, నడిసముద్రంలో పొద్దు పొడవడం చూడాలమ్మాయ్" అన్నారు. మా ఆయన తాడేపల్లిగూడెంలో రైస్‌మిల్లు సూపర్‌వైజరు. జీవితంలో అమ్మకి కాదు అని చెప్పిన మనిషి కాదు. చెన్నైలో ఎక్కించుకుని, సముద్రంలో తిప్పి, మళ్ళీ చెన్నైలోనే దింపే పెద్ద ఓడ ఒకటి ఉందని కనుక్కుని వచ్చారు.

నాకేమో నీళ్ళంటేనే భయం. నేను పుట్టింది కొల్లేటి లంకలో. మా ఊళ్ళో పిల్లలకి అక్షరాలకన్నా ముందు నేర్పేది ఒక్కటే: నీళ్ళొస్తే పైకి. వానలు ముదిరి ఏళ్ళూ కాలవలూ కొల్లేట్లోకి దిగాయంటే, బియ్యం మూటలు, కోళ్ళు, ముసలివాళ్ళు, పసివాళ్ళు అందరూ చర్చి డాబా మీదికే. ఊరికంతటికీ డాబా అదొక్కటే. ఒకసారి మా అమ్మ నన్ను చంకనేసుకుని నడుంలోతు నీళ్ళలో ఈడ్చుకుంటూ వెళ్ళి ఆ మెట్లెక్కింది. అప్పటి ఆవిడ గుండె చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆ భయం నాతోపాటే పెరిగింది. పెళ్ళై ఏలూరొచ్చాక కూడా, తమ్మిలేరు పొంగుతుందేమోనని, లిఫ్టు లేకపోయినా మూడో అంతస్తులోనే కాపురం పెట్టించాను. కూరగాయల సంచులు మోసినప్పుడల్లా మా ఆయన నన్ను తలుచుకుంటూనే ఉంటారు.

అత్తగారి ముచ్చట చెడగొట్టడానికి మనసొప్పలేదు. అలాగని ముగ్గురం నీళ్ళపాలవడానికీ మనసొప్పలేదు. అందుకని ఒక షరతు పెట్టాను. "వస్తాను. కానీ గది నేనే ఎంచుతాను."

ఏలూరు పవర్‌పేటలో ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్ళాం. అక్కడాయన కంప్యూటర్లో ఓడ ప్లాను తెరిచారు. అంతస్తు మీద అంతస్తు, తేనెపట్టులో అరల్లాగా గదులు. కొన్నింటికి కిటికీలే లేవు. నీళ్ళొస్తున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? వద్దు. కొన్నింటికి బాల్కనీ ఉంది. అంటే గదిలోంచి సముద్రంలోకి తలుపన్నమాట. అసలే వద్దు. తలుపు లేకుండా కిటికీ ఉన్నది కావాలన్నాను.

"మేడమ్, నా మాట వినండి," అన్నారాయన. "కింది అంతస్తుల్లో, సరిగ్గా మధ్యలో ఉన్నవి తీసుకోండి. ఊపు తెలీదండీ. పెద్దావిడ కూడా ఉన్నారు కదండీ."

మీకు తెలియంది కాదు, మన చేపల మార్కెట్లో ఒక సూత్రం ఉంది. ఏ చేపని చూపించి "మీకోసమే ఉంచానమ్మా" అంటారో అది నిన్నటిది. ఈయన కూడా ఎవరూ తీసుకోని గదులు మాకు అంటగడుతున్నాడని నా అనుమానం.

"అన్నింటికన్నా పైనున్నది ఏదండీ?" అన్నాను.

"పైన ఉందండీ, కానీ మిగిలింది ముందు చివర్న ఒక్కటే. అది కొంచెం..."

"అదే ఇవ్వండి." ముందుంటే ఇంకా మంచిది కదా, వచ్చే నీళ్ళు మనకే ముందు కనిపిస్తాయి. "దాని పైన ఏముందండీ?"

"గదులేమీ లేవండీ. ఓపెన్ డెక్కు."

నా ప్రాణం లేచొచ్చింది. ఏలూర్లో మా పైవాటావాళ్ళు తెల్లారకముందే మంచాలు జరుపుతారు. పైన మనుషులే లేని గది దొరికిందంటే అదృష్టం కాక మరేమిటి? మా ఆయన ఏదో అనబోయారు. నేను చూసిన చూపుకి ఆగిపోయారు.

చెన్నైలో ఓడ ఎక్కే లైన్లో మా ముందు ముదినేపల్లి నుంచి వచ్చిన భార్యాభర్తలు ఉన్నారు. వరిపొలం ఉన్నవాళ్ళు, చాలా మంచివాళ్ళు. ఆవిడతో వదినగారూ అంటే వదినగారూ అనుకున్నాం. "మాకు ట్రావెల్స్ వాళ్ళు కిందెక్కడో మధ్యలో ఇచ్చారండీ, కిటికీ కూడా లేదట" అన్నారావిడ. నాకు కడుపు తరుక్కుపోయింది. పాపం, అమాయకులు. ఏదైనా జరిగితే ముందు పోయేది వీళ్ళే కదా అని ఆవిడ చేతిలో మా అరిసెల డబ్బా పెట్టేశాను.

ఓడ కదిలేముందు అందరినీ పిలిచి, ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో చూపించారు. లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలి, ఏ కూత కూస్తే ఎక్కడికి రావాలి, అంతా. పరీక్ష హాల్లో మా పిల్లలు కూడా అంత శ్రద్ధగా ఇన్‌స్ట్రక్షన్లు వినరు. ఒక్క విషయం మాత్రం నాకు నచ్చలేదు. అందరూ చేరాల్సిన చోటు మా గదికి నాలుగు అంతస్తులు కింద ఉంది. నీళ్ళొస్తే కిందికి దిగడమేమిటండీ? వీళ్ళకి వరద సంగతి తెలీదులే అనుకున్నాను.

రేవు దాటిందో లేదో, మా గది లేవడం మొదలుపెట్టింది. మెల్లగా లేస్తుంది, లేచి ఒక్క క్షణం ఆగుతుంది, ఆ తరవాత దిగుతుంది. దిగేటప్పుడు నా పొట్ట పైనే ఉండిపోయేది. అల్మారాలో హ్యాంగర్లు టకటకమని కొట్టుకుంటున్నాయి. బాత్రూమ్ తలుపు దానంతటదే తెరుచుకుని, దానంతటదే మూసుకుంటోంది. కిటికీలోంచి చూద్దును కదా, ఒకసారి అంతా ఆకాశం, ఒకసారి అంతా నీళ్ళు. మంచం కోడు పట్టుకుని నాకు వచ్చిన ప్రార్థనలన్నీ అయిపోగొట్టాను. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను.

మా అత్తగారు పరుపు మీద బాసింపట్టు వేసుక్కూచుని, "భలే ఉందమ్మాయ్, ఉయ్యాల్లో కూచున్నట్టుంది" అంటున్నారు. మా ఆయనైతే పడుకున్నవారు పడుకున్నట్టే ఉన్నారు. మిల్లు మెషీన్ల మధ్య బతికిన మనిషికి గది ఊగకపోతేనే నిద్రపట్టదు. భయం నాకొక్కదానికే వచ్చింది. ముగ్గురి వంతూ నేనే పడ్డాను.

ఎప్పుడు కన్నంటుకుందో తెలీదు. తెల్లవారుతుండగా నెత్తిమీద చప్పుడు. గర్ర్‌ర్ అని, ఇనప వస్తువు దేన్నో ఈడుస్తున్నట్టు. ఆగింది. మళ్ళీ గర్ర్‌ర్. ఆ వెంటనే ఎవరో పరిగెత్తిన అడుగులు. ఆ పైన దబదబమని నీళ్ళ చప్పుడు.

లేచి కర్టెన్ తీశాను. కిటికీ అద్దం మీద నీళ్ళు ధారకట్టి కారుతున్నాయి. కింద నుంచి ఎగిరిన చినుకులు కావండి. పైనుంచి కిందికి కారుతున్నాయి.

నా బుర్ర ఎలా పనిచేసిందో చూడండి. మాది అన్నింటికన్నా పై అంతస్తు. నీళ్ళు మాకన్నా పైనున్నాయి. అంటే కింది అంతస్తులన్నీ ఎప్పుడో మునిగిపోయాయి. అంటే ముదినేపల్లి వదినగారు ఇక లేరు. గదిలోంచి తల బయటపెట్టి చూస్తే వరండాలో ఒక్క నరపురుగు లేదు. అందరూ నిద్రపోతున్నారన్న ఆలోచన నాకు రాలేదండీ. అందరూ పోయారనే అనుకున్నాను.

నిజంగా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు నవ్వులాట కాదు. మా అమ్మ చంకలో వినిపించిన చప్పుడే ఇప్పుడు నా గుండెలో వినిపిస్తోంది. ఈ ఇద్దర్నీ నేనే తీసుకొచ్చి ఈ గదిలో పెట్టాను, నేనే బయటికి తీసుకెళ్ళాలి. అదొక్కటే తెలుస్తోంది.

"ఏవండీ, లేవండి, ఓడ మునిగిపోతోంది."

ఆయన కళ్ళు తెరవకుండానే, "మిల్లు బెల్టు జారుంటుంది. ఆపి మళ్ళీ వెయ్యమను" అన్నారు. పడుకున్న మనిషికే జాకెట్ తొడిగేశాను.

అత్తగారు మాత్రం చెప్పగానే లేచారు. జాకెట్ చేతిలో పెడితే, అటూ ఇటూ తిప్పి చూసి, "ఆగమ్మాయ్, పళ్ళసెట్టు పెట్టుకోనీ, జడేసుకోనీ" అన్నారు.

"అత్తయ్యా, ప్రాణాలు పోతుంటే జడేమిటండీ."

"పోతే మాత్రం జుట్టు విరబోసుకుని పోతానా?" అని దువ్వెన తీశారు. దువ్వుకుంటూ సీలింగు వంక చెవి పెట్టి విన్నారు. "మన పైవాటావాళ్ళు మంచాలు జరుపుతున్నట్టుందే."

"సముద్రంలో పైవాటా ఎక్కడిదండీ" అని ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేశాను.

మెట్ల దగ్గర బాణం గుర్తు కిందికి చూపిస్తోంది, అందరూ చేరే చోటికి. నా కాళ్ళు పైకే తిరిగాయి. కొల్లేటి కాళ్ళు కదండీ. ఒక చేత్తో మా ఆయన జాకెట్ తాడు, ఇంకో చేత్తో అత్తగారి మణికట్టు పట్టుకుని, నైటీ మీద నారింజరంగు జాకెట్‌తో మెట్లెక్కి, చివర్న ఉన్న బరువైన తలుపుని భుజంతో తోసి, "దేవా" అని అరుస్తూ ఓపెన్ డెక్కు మీద పడ్డాను.

ఎదురుగా ఈతకొలను.

నిండా నీళ్ళు. ఊపుకి ఒక గట్టునుంచి ఇంకో గట్టుకి దబదబమని కొట్టుకుంటున్నాయి. దాని చుట్టూ పనివాళ్ళు పడక కుర్చీలని గర్ర్‌ర్‌మని లాగి వరస పెడుతున్నారు. ఒకాయన పైపు పట్టుకుని డెక్కు కడుగుతున్నాడు. ఆ నీళ్ళే అంచు దాటి మా కిటికీ మీదికి కారుతున్నాయి. ఇంకోవైపు బల్లల దగ్గర, పొద్దు పొడవడం చూద్దామని ముందే లేచొచ్చిన మనుషులు బారులు తీరి కూచుని ఇడ్లీ తింటున్నారు. నీళ్ళు కిందుండాలని అంత పైకెక్కాను కదా, నేను తీసుకున్న గది చెరువు అడుగున ఉంది.

ఇడ్లీ తినేవాళ్ళలో ముదినేపల్లి వదినగారు కూడా ఉన్నారు. పచ్చగా, నిండుగా, బతికి. "రండి వదినగారూ," అన్నారావిడ. "మీ పైవాళ్ళందరికీ ఇవి వేసుకోవాలని చెప్పారాండీ? మాకు కింద ఎవరూ చెప్పలేదే." ఆవిడ మొగుడు అప్పుడే ఇడ్లీ పక్కనపెట్టి లేవబోయాడు, తమ జాకెట్లు తెచ్చుకోవడానికి. ఆయన్ని చూసి పక్క బల్లవాళ్ళూ లేచారు. ఇంకొంచెం ఆలస్యమైతే నేనొక్కదాన్నే ఓడ ఓడంతా ఖాళీ చేయించేదాన్ని.

యూనిఫామ్‌లో ఉన్న అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చి, ఏం జరిగింది మేడమ్ అని ఇంగ్లీషులో అడిగింది. నేను హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. వ్యాకరణంలో మా పిల్లలకి నేనంటే హడల్. ఆ సమయంలో నా నోటికొచ్చిన ఇంగ్లీషు మొత్తం రెండు మాటలు. "వాటర్. అప్‌స్టెయిర్స్." ఆ అమ్మాయి ఈతకొలను వంక చూసి, "యెస్ మేడమ్" అంది, చాలా మర్యాదగా.

అప్పటికి మా ఆయనకి పూర్తిగా మెలకువ వచ్చింది. ఒంటిమీద జాకెట్ చూసుకున్నారు. నన్ను చూశారు. తిన్నగా వెళ్ళి ఇడ్లీ లైన్లో నిలబడ్డారు.

మా అత్తగారు రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయారు. అప్పుడే నీళ్ళలోంచి పొద్దు పైకొస్తోంది, సముద్రమంతా ఎర్రగా. ఆవిడ కళ్ళలో నీళ్ళు. "నువ్వు లేపకపోతే ఇది చూసేదాన్ని కాదమ్మాయ్" అని నవ్వారు. నేను రెండు చేతులూ పైకెత్తి "దేవా" అని బావురుమన్నాను, ఎందుకో మాత్రం అడక్కండి. ఓడ ఫోటోగ్రాఫరు టక్కుమని నొక్కింది సరిగ్గా అప్పుడే.

గది మార్చమని కింద కౌంటర్లో బతిమాలాను. ఖాళీల్లేవన్నారు. చివరికి వదినగారే, "మా గదిలో కాసేపు నడుం వాల్చండి" అని తీసుకెళ్ళారు. కిటికీ లేదు, సముద్రం లేదు, హ్యాంగర్ల చప్పుడు లేదు. మధ్యాహ్నం పడుకుంటే టీ వేళ దాకా ఒళ్ళు తెలీలేదు. లేచి కూచున్నాక అప్పుడు గుర్తొచ్చింది చూడండి, చిన్నప్పుడు మేం స్కూలుకి వెళ్ళేది దోనె పడవలోనే. దోనె ఎక్కితే మధ్యలో, కిందికి వంగి కూచోవాలని మా ఊళ్ళో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. ఓడ అంత పెద్దదిగా కనిపించేసరికి నేను దాన్ని పడవ కాదు, డాబా అనుకున్నాను.

భయం పోయిందా అంటే పోలేదండీ. తిరిగొచ్చేటప్పుడు రైల్లో కృష్ణ దాటేదాకా కళ్ళు మూసుకుని, గోదావరి రాకముందే ఏలూర్లో దిగిపోతాం కదా అని సంతోషించినదాన్ని నేను.

ఆ ఫోటో అత్తగారు కొనుక్కున్నారు. బంధువులందరికీ ఫోన్లలో పంపించింది కూడా ఆవిడే. అందులో ఆవిడ జడేసుకుని, పళ్ళసెట్టుతో చక్కగా నవ్వుతున్నారు. వెనకాల నైటీ మీద జాకెట్‌తో, నోరు తెరిచి, రెండు చేతులూ పైకెత్తి నేను. నిన్న స్కూలునుంచి వచ్చేసరికి దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో కొట్టించేశారు. గుమ్మం పైన కూడా కాదు, సీలింగుకి ఆనించి. మెడలు నొప్పెట్టేలా చూడాలి.

"అంత ఎత్తున ఎందుకండీ అత్తయ్యా?" అన్నాను.

ఆవిడ తాపీగా కాఫీ చల్లార్చుకుంటూ అన్నారు: "రేపు తమ్మిలేరు పొంగినా అది తడవకూడదమ్మాయ్."