ఎడమవైపు కింద

ఇరవై రెండేళ్లుగా ఆయన క్రేన్ నడిపేవాడు. కట్టే భవనాల నెత్తిన, అద్దాల గదిలో ఒంటరిగా కూర్చుని, టన్నుల ఇనుమును పూలబుట్టలా దించుతాడని పేరు. కింద కొక్కేనికి బరువులు తగిలించే పని భార్య తమ్ముడిది. ఆ పనిలో పెట్టించింది ఈయనే. రోజూ పొద్దున్నే వాకీటాకీలో బావమరిది పరాచికం: "బావా, పైనున్నవాడివి నువ్వే, మా మీద కాస్త దయ చూడు!"

ఒకరోజు ఇనుపకడ్డీల కట్ట సగం పైకి లేచాక తాడు జారడం మొదలైంది. కట్ట ఒరిగింది. కడ్డీలన్నీ ఆయనకి ఎడమవైపు కింద, బావమరిది నిలబడ్డ చోటే పడ్డాయి. ఆయన నిచ్చెనలన్నీ దిగేసరికి పావుగంట పట్టింది. అప్పటికే అంబులెన్స్ వెళ్లిపోయింది. దారిలోనే ప్రాణం పోయింది. విచారణలో లోపం తాడుదని తేల్చారు.

అయినా ఆయన మళ్లీ నిచ్చెన ఎక్కలేకపోయాడు. మొదటి మెట్టు మీద కాలు పెడితే చాలు, ఒళ్లంతా చెమట. ఇంట్లో భార్య ఎదురుపడితే మొహం తిప్పుకుంటాడు. ఎనిమిది నెలలు చూసి చూసి, ఆవిడే ఆయన్ని మానసిక వైద్యురాలి దగ్గరికి లాక్కొచ్చింది.

డాక్టరమ్మ పెద్దగా ఏమీ అడగలేదు. చివర ఎర్ర రంగేసిన సన్నటి పుల్ల పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"తల కదపకండి. కళ్లతో దీన్నే చూడండి. ఎక్కడ చూస్తే లోపల ఎక్కువ బిగుసుకుంటుందో చెప్పండి, చాలు."

ఈ పుల్లతోనా నా బాధ తీరేది అనుకున్నాడాయన. డాక్టరమ్మ పుల్లను మెల్లగా జరిపింది. అది కుడివైపు ఉన్నంతసేపూ ఏమీ లేదు. ఎడమవైపు కిందికి వచ్చేసరికి ఎవరో పీక పట్టుకున్నట్టయింది.

"ఇక్కడేనా?"

"ఊఁ."

"అయితే ఇక్కడే ఉందాం. ఏది వస్తే దాన్ని రానివ్వండి."

ఎంతసేపు చూశాడో. కళ్లు తిప్పేసుకోవాలనిపించింది, తిప్పుకోలేదు. ఒళ్లో ఉన్న కుడిచెయ్యి పిడికిలి బిగిసి, దేన్నో పట్టుకున్నట్టు నోటి దగ్గరికి లేచింది.

"వాకీటాకీ చేతిలోనే ఉందమ్మా," అన్నాడు. "తాడు జారడం చూశాను. 'తప్పుకోరా' అంటే చాలు. నోరు పెగల్లేదు. ఇది ఎవరికీ చెప్పలేదు."

బయటికొచ్చాక బస్టాపులో భార్యకీ అదే చెప్పాడు. ఆవిడ రోడ్డుకేసి చూస్తూనే అడిగింది.

"అరిచుంటే బతికేవాడా?"

"తెలీదు."

"అబద్ధమైనా 'బతికేవాడు కాదు' అనొచ్చు కదండీ!" అని భోరుమంది. ఆయన చెయ్యి చాపాడు. ఆవిడ పట్టుకోలేదు.

ఇప్పుడాయన సైటు గేటు దగ్గర వచ్చే లారీలకు దారి చూపిస్తున్నాడు. వారం వారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్తాడు. పీక దగ్గర పట్టు కాస్త సడలిందంటాడు. భార్యా వెంట వస్తుంది, బయట బెంచీ మీద కూర్చుంటుంది. లోపల ఏం జరిగిందని అడగదు. చెప్పాలని ఆయన నోరు తెరిచినప్పుడల్లా, బస్సు వచ్చేస్తుందంటూ లేచి ముందు నడుస్తుంది.