పచ్చబడే పిట్ట

విశ్వేశ్వరరావు గారికి ఎనిమిదేళ్ళుగా ఒకటే కోరిక. అది సొంత ఇల్లో, ప్రమోషనో అయితే భార్య ఆదిలక్ష్మమ్మ కూడా నాలుగు మొక్కులు మొక్కేది. ఈయన కోరిక ఒక పిట్టను చూడటం.

ట్యాంక్‌బండ్ కింద తుంగ పెరిగిన చిత్తడిలోకి చలికాలంలో ఎక్కడెక్కడి పక్షులో వచ్చి దిగుతాయి. వాటిలో తోకాడించే చిన్నపిట్టలు కొన్ని. వచ్చినప్పుడు మట్టిరంగులో ఉంటాయి. ఎండలు ముదిరి ఉత్తరానికి తిరిగిపోయే ముందు ఒళ్ళంతా పచ్చబడతాయట. ఏలూరు నుంచి వచ్చి చిక్కడపల్లిలో కాపురం పెట్టాక ఆయన చూసిందల్లా ఆ మట్టిరంగే. సరిగ్గా అవి రంగు తిరిగే వేళకు ఆఫీసులో ఏడాది లెక్కలు మెడ మీద పడేవి. లెక్కలు తేలేసరికి పిట్టలు ఎగిరిపోయేవి.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ హర్తాళ్ళ ధర్మమా అని ఆఫీసు తీసిన రోజుల కన్నా మూసిన రోజులే ఎక్కువయ్యాయి. కోస్తా నుంచి వచ్చిన ఇరుగుపొరుగు తలుపులు బిడాయించుకుని కూర్చుంటే, ఈయన సుల్తాన్ బజార్లో పాతసామాన్ల వాడి దగ్గర కొన్న దుర్భిణి మెడలో తగిలించుకుని పొద్దున్నే బయలుదేరేవాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆదిలక్ష్మమ్మ విసుక్కునేది.

చిత్తడి ఇవతలి ఒడ్డున ఒక వేపచెట్టు. రోజూ దాని కిందే నిలబడి చూసేవాడు. ఒకనాడు వెళ్ళేసరికి చెట్టు మొదట్లో పసుపు పూసిన రాయి, కొబ్బరిచిప్పలు, చుట్టూ జనం. డప్పు దరువుకి పిట్టలన్నీ లేచిపోయాయి. మర్నాడూ అదే తంతు. అమ్మవారి మీద కోపం తెచ్చుకుంటే పాపం, తెచ్చుకోకపోతే పిట్టలు దక్కవు. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ తర్వాతి రోజు డప్పు లేదు. రాయి కడుగుతూ ఒకామె కనిపించింది. పేరు బుగ్గమ్మ, పాలమూరు నుంచి వచ్చి ఇళ్ళు కట్టేచోట తట్టలు మోస్తుంది. ఇన్నాళ్ళూ లేని అమ్మవారు ఇక్కడ ఎలా వెలిసిందని అడిగాడాయన.

"మీ వల్లనే సారు. దుర్భిణి పెట్టి రోజు మా గుడిసెల దిక్కు జూస్తున్నరు. ముందుగాల జూస్తరు, ఎన్క కొలుస్తరు, గా తర్వాత పీకుతరు. పోచమ్మను పెడితే ఎవరు ముట్టరు."

తాను సర్వేవాణ్ణి కానని, చూసేది పిట్టల్నని ఆయన ఎంతో చెప్పాడు. పెద్దమనిషి అబద్ధమాడితే ఎలా వింటారో అలా విందామె. అంతలో తుంగ పక్కన ఒక పిట్ట వాలి తోకాడించింది. ఆ దూరానికి వట్టి కంటికి రంగు తెలియదు. దుర్భిణి ఎత్తబోయిన విశ్వేశ్వరరావు ఆగి, దాన్ని తీసి బుగ్గమ్మ చేతిలో పెట్టి, పిట్ట వైపు చెయ్యి చూపించాడు.

"అవు సారు, పసుపుల ముంచి తీసినట్లు ఉన్నది," అందామె.

ఆయన ప్రాణం లేచొచ్చింది. దుర్భిణి కోసం చెయ్యి చాపేలోపే పిట్ట ఎగిరిపోయింది.

బుగ్గమ్మ దుర్భిణి దించలేదు. కాస్త పైకెత్తి, అవతలి ఒడ్డున ఉన్న గుడిసెల్ని చాలాసేపు చూసింది.

"మా ఇండ్లు గూడ మీకు రోజు గింత దగ్గర కనవడ్డయా?"

"వాటిని నేనెప్పుడూ చూడలేదమ్మా."

పిట్టల సంగతి అంతసేపు నమ్మని మనిషి, ఆ ఒక్క మాటా వెంటనే నమ్మింది.